పెద్దమ్మ వేళ్ళకు తగిలిన చిమచిమ

మా పెద్దమ్మ ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ఒత్తు పడని అక్షరం, తలకట్టు ఎగిరిపోయిన అక్షరం ఆమె కన్ను దాటిపోయేది కాదు. ఆఫీసులో అందరూ ఆమెను "భూతద్దం" అనేవాళ్ళు. పనంతా కంప్యూటర్లకు మారి అచ్చాఫీసు మూతపడ్డాక, ఆ యజమానే ఒక రేకు ఒంటి ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి, "ఇంట్లో కూర్చుని దిద్దమ్మా, నిన్ను వదులుకోలేను" అన్నాడు. అప్పుడు ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. నేను వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్నాను. రెండు నెలల్లో ల్యాప్‌టాప్ మీద నాకంటే వేగంగా పనిచేయడం నేర్చుకుంది.

మూడో నెలలో ఒక పొద్దున్న కీబోర్డు పక్కన మణికట్టు ఆనించగానే ఠక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమండీ, దీన్ని ముట్టుకుంటే చీమలు పాకినట్టు చిమచిమలాడుతోంది."

పెద్దనాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరయిన మనిషి. వచ్చి ముట్టుకుని చూశాడు. ఆయన కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. ఏమీ తగల్లేదు.

"దానికేం లేదు. నీకే నరాల నీరసం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

పెద్దమ్మ ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని రిపేరు షాపుకు వెళ్ళింది. అక్కడ ప్లగ్గులో పెట్టి ఎంతసేపు ముట్టుకున్నా చిమచిమ లేదు. షాపతను చార్జరు అరిగిందేమోనని కొత్తది ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే మళ్ళీ అదే చిమచిమ. ఇంకొకరైతే విసిగి వదిలేసేవాళ్ళు. పెద్దమ్మది ఉడుంపట్టు. చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపింది. చిమచిమ లేదు. చార్జరు పెట్టి, చెప్పులేసుకుని ముట్టుకుంది. లేదు. చెప్పులు విడిచి నేల మీద పాదాలు ఆనించింది. చురుక్కుమంది.

"అయితే చెప్పులేసుకుని పని చేసుకో. తీరిపోయె!" అన్నాడు పెద్దనాన్న.

"తప్పున్న పేజీ మడిచి దాచేస్తే తప్పు దిద్దినట్టా? షాపులో లేనిది ఇక్కడుంది. జబ్బు ల్యాప్‌టాప్‌ది కాదండీ, మన గోడది."

ఆ రోజు నుంచి ఒక నోటు పుస్తకం తెరిచింది. ముట్టుకున్న టైము, చిమచిమ ఎంత గట్టిగా ఉందో ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. తొమ్మిది రోజులు రాసింది. నేను నవ్వాను కూడా. తీరా చూస్తే, రోజంతా ఒకటో రెండో పడే మార్కు పొద్దున్న ఆరున్నర నుంచి ఏడుంపావు దాకా నాలుగుకు ఎగబాకుతోంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది. అతను గుమ్మంలోంచే, "ల్యాప్‌టాప్‌లన్నీ కాస్త జిల్లుమంటాయమ్మా. అందరిళ్ళల్లో ఉన్నదే" అన్నాడు.

పెద్దమ్మ నోటు పుస్తకం అతని చేతికిచ్చింది. అతను రెండు పేజీలు తిప్పి ఆగాడు.

"ఆదివారం మాత్రం ఎనిమిదికి ఎక్కువైందేంటమ్మా?"

"ఆ రోజు ఎవరో ఆలస్యంగా నిద్ర లేస్తున్నారు, బాబూ."

అతను పుస్తకం మూసి, భుజాన ఉన్న పనిముట్ల సంచి నేల మీదికి దించాడు. రెండు వైర్లు వేలాడుతున్న బల్బు హోల్డరు తీసి, వైర్లను ప్లగ్గు కింది రెండు రంధ్రాల్లో పెట్టాడు. బల్బు వెలిగింది. ఒక వైరును తీసి పైనున్న పెద్ద రంధ్రంలో, అంటే ఎర్త్‌లో పెట్టాడు. వెలగలేదు. రెండో వైరూ అలాగే మార్చి చూశాడు. వెలగలేదు.

"మీకు ఎర్తే లేదమ్మా!" అన్నాడు.

ఎర్త్ వైరు వెంట పడి అతను, పెద్దమ్మ, నేను మెట్లు దిగాం. కింద గోడ వారగా పోయినేడు నీళ్ళ పైపు మార్చిన చోట మట్టి తవ్వితే, భవనం మొత్తానికీ ఉన్న ఎర్త్ వైరు రెండు ముక్కలై కనిపించింది. పైపు వేసినవాళ్ళు తెంపేసి, మట్టి కప్పేసి పోయారు. ఎక్కడ లీకయిన కరెంటయినా నేలలోకి పోయే దారి లేక అందరిళ్ళ ప్లగ్గుల్లోకీ పాకుతోందన్నమాట.

అతను వైరు కలిపి బిగించాడు. తర్వాత, పొద్దున్న వాడే నీళ్ళ గీజర్లు ఒక్కొక్కటే వేయమని ఇంటింటికీ చెప్పించాడు. మూడో అంతస్తు వేశారు, ఏం కాలేదు. రెండో అంతస్తు, ఏం కాలేదు. కింద టైలరింట్లో వేయగానే ఠప్పున మెయిన్ స్విచ్చు పడిపోయింది.

టైలరు మండిపడుతూ బయటికొచ్చాడు. "ఏం కెలికారండీ? మా కరెంటు పోగొట్టారు!"

ఎలక్ట్రీషియన్ లోపలికెళ్ళి గీజరు విప్పాడు. లోపలి రాడ్డు నిలువునా పగిలి ఉంది. దాన్ని పట్టకారుతో తెచ్చి టైలరు ముందు పెట్టాడు.

"ఎర్త్ ఉంటే ఈ స్విచ్చు ఎప్పుడో పడిపోయి చెప్పేది. ఇన్నాళ్ళూ మీరు బతికిపోయారంతే."

టైలరు మెట్టు మీద కూలబడ్డాడు. "కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందని మా ఆవిడ అంటూనే ఉంది. నీళ్ళ చలికి అలా ఉంటుందిలే అన్నాను. పిల్లలకి రోజూ ఆ కుళాయి కిందే స్నానం..." లేచి వచ్చి పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"అయ్యో, ఏంటి నాయనా ఇది" అంటూ పెద్దమ్మ చేతులు విడిపించుకుని గబగబా మెట్లెక్కింది. చెప్పులు గుమ్మంలోనే విసిరేసింది. చార్జరు పెట్టి ల్యాప్‌టాప్ మీద రెండు అరచేతులూ ఆనించింది. ఒక నిమిషం అలాగే ఉంది.

"లేదు! ఏమీ లేదు!"

ఆమె అరవడం నేను విన్నది అదే మొదటిసారి. వెనకాలే వచ్చి మెట్ల మీద నిలబడ్డ ఇరుగుపొరుగు వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పెద్దనాన్న ఆ వచ్చినవాళ్ళందరితో, "మొదటి రోజే చెప్పింది మా ఆవిడ, నేనే వినలేదు" అని పదిసార్లు చెప్పాడు. ఆయన అంత సంతోషంగా తప్పొప్పుకోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆ నెలలోనే భవనం వాళ్ళు సమావేశం పెట్టి, ఏడాదికోసారి ప్రతి ఇంటి ఎర్తూ చూడాలని తీర్మానించారు. ఆ బాధ్యత ఎవరికివ్వాలన్న చర్చే రాలేదు. ఇప్పుడు ఆ రోజు వస్తే ఎలక్ట్రీషియన్ ఉదయమే వచ్చి మా తలుపు తడతాడు. ఇద్దరూ పై అంతస్తు నుంచి మొదలుపెడతారు. పెద్దమ్మ ముందు, అతను బల్బు పట్టుకుని వెనక.