అడగకుండా తీసిన ఫోటో

రెండు వారాల కిందట, ఒక మంగళవారం పొద్దున, మా ఫోటో పెద్దనాయన దవాఖానలో కన్నుమూశాడు. ఖిలా వరంగల్‌లో మా పక్కిల్లే. నేను కాలేజీకి బయలుదేరుతుంటే వాళ్ల చుట్టం ఒకాయన సైకిల్ మీద వచ్చి చెప్పాడు. ఆ సాయంత్రం పెద్దమ్మ నన్ను పిలిచి ఒక్కటే అడిగింది. "బిడ్డా, మీ పెద్దనాయిన ఫోటో నీ దగ్గరేమన్న ఉన్నదా? పదకొండో దినం పెట్టాలె."

లేదు. కోట చూడవచ్చినవాళ్లను ఏళ్ల తరబడి రాతి తోరణాల కింద నిలబెట్టి ఫోటోలు తీసిన మనిషిది ఒక్క ఫోటో లేదు. అందులో నా తప్పు కొంత ఉంది. అది చెప్పకుండా ఆయన గురించి రాయలేను.

మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. పదో తరగతి పరీక్ష దరఖాస్తుకు ఫోటో కావాలంటే అమ్మ నన్ను ఆయన దగ్గరకు తీసుకెళ్లింది. భయంతో బిగుసుకుపోయి కూర్చున్నాను. "ఏందే, పోలీసోళ్లు పట్టుకపోతాన్నట్టు గా మొఖమేంది? జర ఊపిరి పీల్చు" అన్నాడు. నేను నవ్వు ఆపుకుంటుండగా నొక్కాడు. తర్వాత సెలవుల్లో తన పాత డబ్బా కెమెరా నా చేతికిచ్చి పని నేర్పాడు. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని ఎవరైనా అంటే, "దానికి కండ్లు లేవా?" అనేవాడు.

కోట దగ్గర నలుగురు ఫోటోగ్రాఫర్లుండేవారు. వాళ్ల మధ్య ఒక పద్ధతి ఉండేది. పనిలో ఉన్న ఫోటోగ్రాఫర్‌ను తోటివాడు తీయకూడదు. తీయాలనుకుంటే ముందు అడగాలి. అతను తన కెమెరా దించి, ఇటు చూశాకే నొక్కాలి. "కెమెరల కన్ను పెట్టినోనికి పక్కన ఏమైతాందో తెల్వది. తెల్వనోన్ని తీసుడంటే ఎనక నుంచి జేబుల చెయ్యి పెట్టినట్టే" అనేవాడు పెద్దనాయన.

ఒక వేసవిలో, కొత్తగా పెళ్లయిన జంటను తీయడానికి ఆయన బండ మీద మోకాలు ఆన్చి, నాలుక కొస పెదవుల మధ్య పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా చూస్తున్నాడు. నాకు పద్ధతి గుర్తు రాలేదు. నొక్కేశాను. చప్పుడుకు తల తిప్పి, మళ్లీ జంట వైపు తిరిగాడు. రీలు కడిగిన రోజు నెగెటివ్‌ను వెలుతురుకు పట్టి చూసి, "అడిగితివా?" అన్నాడు. అంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బల్ల మీది కత్తెర అందుకుని ఆ నెగెటివ్‌ను ముక్కలు చేశాను. మంచి శిష్యురాలు అలాగే చేస్తుందనుకున్నాను.

ఆయన వంగి ముక్కలు ఏరాడు. "చెప్తె ఇంటవనుకున్న గని కోస్తవనుకోలేదు, పిచ్చిదానా. మంచిగొచ్చింది గదనే" అన్నాడు.

తర్వాత ఫోటో తీస్తానని ఆయన్ను ఎన్నిసార్లు అడిగానో. "ఇయ్యాల గడ్డం చేసుకోలే." "ఈ అంగి జూసినవా, మీ పెద్దమ్మ తంతది." "జర గిరాకీ పోనియ్యి." తోటివాళ్లు అడిగినా ఇట్లాగే తప్పించుకునేవాడు.

పోవడానికి నాలుగు రోజుల ముందు దవాఖానలో ఆయనే అన్నాడు, "రేపు కెమెరా తెస్తవా?" అని. తీసుకెళ్లాను. అంగీ పై గుండీ పెట్టమన్నాడు. పెద్దమ్మ దువ్వెన తడిపి తల దువ్వింది. నేను కిటికీ రెక్క తెరిచి, వెలుతురు చూసుకుని ఇటు తిరిగేసరికి ఆయన కళ్లు మూతపడ్డాయి.

"తియ్యి బిడ్డా, ఏం గాదు" అంది పెద్దమ్మ.

"లేవనీ పెద్దమ్మా. చూడనీ."

పొద్దుగూకేదాకా కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ రోజు నేను చేసింది మర్యాదేనా అని ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాడు లేడు.

చివరికి బజారులో దుకాణాల బోర్డులు రాసే పెయింటర్ దగ్గరకు పోయాం. పెద్దమ్మ చెప్తుంటే అతను గీశాడు. "ముక్కు జర పొడుగు. చెవులు గంత పెద్దగ గావు." మూడుసార్లు చెరిపించింది. నాలుగోసారి, "ఆఁ, గిట్లనే ఉంటుండె" అంది, నా వైపు చూడకుండా.

అలా ఉండేవాడు కాదు.

పదకొండో దినం పీట మీద ఆ బొమ్మ నిలబెట్టి, బొట్టు పెట్టమని నన్నే పిలిచింది. తడిపిన కుంకుమ వేలికి తీసుకుని, నేనెన్నడూ చూడని ఆ మనిషి నుదుటికి అద్దాను. నూనె రంగు ఇంకా ఆరలేదు. బొట్టు నిలవక, ముక్కు మీదుగా మెల్లగా కిందికి జారింది.