ఆత్మకూరు బడి అలమారాలో ఎముకల బొమ్మ

చాలా ఏళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను, మా కర్నూలు బడిలో మాత్రం అస్థిపంజరం బొమ్మ లేదు. పిల్లల పక్కటెముకలు వాళ్ళచేతే తడిమించి నెట్టుకొస్తున్నాను. నాతో పనిచేసి, ఇప్పుడు ఆత్మకూరు దగ్గర ఒక హైస్కూలుకు పెద్దసారుగా ఉన్న శేషయ్యగారు మొన్న ఫోన్ చేశారు. "మాకు కొత్త ప్లాస్టిక్ బొమ్మ వచ్చినాది. పాతది అలమారాలో ఊరికే పడుండాది, తీస్కపోమ్మా" అన్నారు. ఎగిరి గంతేశాను.

శనివారం పొద్దున ఆరున్నరకు కర్నూలులో బస్సెక్కాను. నందికొట్కూరు మీదుగా రెండు గంటల దారి, టికెట్టు నూరుకు కాస్త అటూ ఇటూ. నందికొట్కూరులో బస్సు ఆగినంతసేపట్లో బొరుగుల ఉగ్గాని తినేయవచ్చు, బజ్జీ కోసం మాత్రం ఆశపడకండి, అది వేగేలోపు కండక్టరు విజిలేస్తాడు. ఆత్మకూరు బస్టాండు నుంచి బడికి ఆటో. డ్రైవరు మస్తాన్ నేను వచ్చిన పని విని నవ్వాడు. "ఆ ఎముకలాయన్నా! మేం ఆ బడిలోనే సదివినాం మేడం. పరీచ్చలప్పుడు ఆయన చేతికి చెయ్యి కలిపితే పాసయితామనేటోల్లు. శానామందిమి కలిపినాం." నేనూ నవ్వాను.

శేషయ్యగారు అలమారా తెరిచారు. కొక్కేనికి వేలాడుతోంది, ఎముక ఎముకకూ నల్లసిరాతో అంకెలు. వేలాడుతున్న దవడను మూద్దామని పట్టుకున్నాను. పళ్ళు అరిగి ఉన్నాయి. వెనకవైపు ఒక దవడపన్ను పుచ్చి గుంట పడింది. ప్లాస్టిక్ బొమ్మకు పిప్పిపన్ను ఎవరు చేస్తారు? మోచేతి దగ్గర పెచ్చు లేచినచోట చూశాను. లోపల సన్నసన్నని రంధ్రాలు, అచ్చం నేను పాఠంలో చెప్పేట్టే. ఆ దవడను ఎలా వదలాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"సార్, ఇది బొమ్మ కాదు. మనిషి."

"ఏం మాట్లాడ్తాండావమ్మా!" అంటూ ఆయన దగ్గరికొచ్చి చూసి, కుర్చీలో కూలబడ్డారు. "పోయిన సైన్సు ప్రదర్శనలో టోపీ, నల్లద్దాలు పెట్టి ఫోటోలు దిగినాం గదమ్మా..." అన్నారు. ఎవరు కొన్నారో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలియదు. ఆయన చేరేనాటికే అది ఆ అలమారాలో ఉంది.

మాకు టీ తెచ్చిన ఓబులమ్మ, బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమె, గుమ్మంలోనే ఆగిపోయి ఉంది. గ్లాసులు కింద పెట్టి అడిగింది.

"ఆడమనిషా, మొగమనిషా మేడం?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. కటి ఎముక చూశాను. వెడల్పుగా ఉంది. "ఆడమనిషే" అన్నాను.

ఓబులమ్మ మొహం పాలిపోయింది. "ఇన్నేండ్లు ఒంటిమీద గుడ్డ ల్యాకుండా పిల్లోల్ల ముందర నిలబెట్నారా సార్?"

ఇద్దరం ఉపాధ్యాయులమే, ఒక్కరికీ కప్పాలని తోచలేదు. ఓబులమ్మే బడి ఎదురింటికి వెళ్ళి ఒక పాత నూలుచీర అడిగి తెచ్చింది. ఆమే నేనూ కలిసి భుజాల నుంచి పాదాల దాకా కప్పాం. శేషయ్యగారు అలమారాకు తాళం వేసి పైఅధికారులకు ఫోన్ చేయడానికి కూర్చున్నారు. నేను ఉత్తచేతులతో బయల్దేరాను. బయటే ఆగి ఉన్న ఆటోలో సంగతి చెబితే మస్తాన్ హ్యాండిల్ మీదున్న తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు.

బస్సెక్కి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది బోధనోపకరణమే. అది ఒకప్పటి మనిషి కావచ్చన్న ఊహే లేకుండా, ఇస్తామనగానే తెచ్చుకోవడానికి పరుగెత్తాను. ఆమె పేరేమిటో, ఏ ఊరిదో, ఎవరైనా వెతికారో లేదో ఇక తెలిసే దారి లేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

పాత బళ్ళ నుంచి ఎముకల బొమ్మలు తెచ్చుకోవాలనుకునే ఉపాధ్యాయులకు ఒక్క మాట. అంకెలూ కీళ్ళూ తర్వాత, ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూడండి. ప్లాస్టిక్ పన్ను అరగదు. అన్నం తిన్న పన్నే అరుగుతుంది.