పేరు పెట్టి పిలవని రాత్రి

దీపం ముట్టుకుని చెప్పమన్నా ఇదే చెబుతాను. అది కల కాదు. నాకు జ్వరం లేదు. ఆ రాత్రి నేను కన్ను మూసినా నిద్రపోలేదు. విన్నవాళ్లలో చాలామంది నవ్వారు... మీరూ నవ్వితే నవ్వండి. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కల్పించి రాయడం నాకు రాదు.

మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో, రుమైథియాలో ఒక ఇంట్లో పని చేస్తాను. ఇంటి యజమానురాలిని మామా అంటాం. ఆమె తల్లి పెద్ద మామా. ఆ పెద్దామెను చూసుకోవడమే నా పని. ఆమెకు చూపు మందగించింది. మతి ఒక పూట ఉంటే ఒక పూట ఉండదు. రెడ్డెమ్మ అనే నా పేరు నోరు తిరగక "రీమా" అంటుంది.

ఆమె కొడుకు ఖాలిద్ ఎప్పుడో సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. సాయంత్రమైతే చాలు, వీధి తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేది. నేను పక్కన నేల మీద కూర్చునేదాన్ని. ఆ ఎదురుచూపు ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మా ఆయన నాకంటే ముందు కువైట్ వచ్చాడు. చేస్తున్న పని ఖలాస్ అయ్యాక షర్క్ చేపల మార్కెట్ దగ్గర ఒక లాంచీలో చేరాడు. మా ఊళ్లో మోకాలి లోతు నీళ్లు చూసి ఎరగనివాడు, సముద్రం మీద వలలు లాగాడు. ఒక చలికాలం రాత్రి లాంచీ అంచు మీద కూర్చుని ఉన్నాడట. తెల్లారేసరికి లేడు. తోటివాళ్లలో ఒకతను పడిపోయాడన్నాడు. ఇంకొకతను, కాదు, వేరే లాంచీ ఎక్కి వెళ్లిపోయాడన్నాడు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. మా అత్త ఏడ్చి ఏడ్చి, ఇంక బొట్టు తీసెయ్యి తల్లీ అంది. నేను తియ్యలేదు. కళ్లతో చూడందే ఎలా తీస్తాను? ఆయన్ను వెతకడానికే నేనూ ఈ దేశం వచ్చాను. మెట్టెలు ఇప్పటికీ నా కాళ్లకే ఉన్నాయి.

ఇక ఆ రాత్రి సంగతి.

ఖైరాన్ వైపు ఎడారిని తవ్వి, సముద్రపు నీళ్లను కాలువలుగా లోపలికి తెచ్చారు. అక్కడ ఇళ్ల ముందు వీధులకు బదులు నీళ్లుంటాయి. మా మామా వాళ్లకు అక్కడ ఒక విడిది ఇల్లు, ఒక పడవ ఉన్నాయి. సన్నటి పడవ కాదు. బాగా వెడల్పు, అడుగు బల్లపరుపు. మా ఊరి కళ్లం లేచి వచ్చి నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటుంది. లోపల వంటగది, మంచాలు అన్నీ ఉన్నాయి. మనిషి నడిచినంత నెమ్మదిగా పోతుంది. దాన్ని నడిపేది మా రాయచోటి బాషా. భారీ మనిషి. గట్టు మీద నుంచి దభీమని దూకినా అది కదిలేది కాదు.

"సూసినావా అక్కా, చాయ్ గ్లాసు గూడా మెదల్లే," అని నవ్వేవాడు. "ఇది పడవ గాదు, మిద్దె."

ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ రోజు ఇంట్లోవాళ్లంతా కాలువ అవతలి చివర ఉన్న బంధువుల ఇంటికి కార్లో వెళ్లారు. పెద్ద మామా పడవలోనే వస్తానని పట్టుబట్టింది. ఆమె, నేను, బాషా బయల్దేరాం. చీకటి పడింది. రెండు వైపులా ఇళ్ల దీపాలు, మాంసం కాలుతున్న వాసన, పిల్లల కేకలు... మలుపులు తిరిగే కొద్దీ అన్నీ వెనకబడ్డాయి. ఇంకా ఎవరూ చేరని కొత్త ఇళ్లు మొదలయ్యాయి. ఒక్క కిటికీలోనూ వెలుగు లేదు. అక్కడ అడుగున ఏదో గర్రుమంది. పడవ ఆగిపోయింది.

బాషా వంగి లైటు వేసి చూశాడు.

"ఫ్యానుకు తాడు సుట్టుకునింది అక్కా. ఈ చలిలో నీళ్లల్లో దిగితే నా పెండ్లాం ముండమోస్తాది."

అనేశాక నా కాళ్ల వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. నేను విననట్టే ఉన్నాను.

"తెల్లారినాక తీస్తాలే. పండుకోండి," అన్నాడు. మామాకు ఫోన్ చేశాడు. పడవను గట్టుకు కట్టి, తాను ముందు వైపు దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నాడు.

నేను కుంపటిలో బొగ్గులు రాజేసి చాయ్ పెట్టాను. పెద్ద మామా నిప్పుల వైపే చూస్తోంది. ఆమెకు మతి ఉన్న పూట అది.

"రీమా, ఈ నీళ్లు ఎక్కడివి?"

"సముద్రానివే మామా."

"అదే సముద్రమా?"

"అదే."

తర్వాత తన చిన్నప్పటి సంగతి చెప్పింది. ఆ రోజుల్లో మగవాళ్లు ముత్యాల కోసం నెలల తరబడి సముద్రం మీద ఉండేవారట. రావలసిన రోజులు దాటితే, ఆడవాళ్లు ఒడ్డుకు వెళ్లి సముద్రానికి వాత పెట్టేవారట. ఎర్రగా కాల్చిన ఇనుము నీళ్లలో ముంచి, ఇంక చాలు, మా వాళ్లను మాకిచ్చెయ్యి అని తిట్టేవారట. వాళ్లమ్మ అలా చెయ్యడం తాను చూసిందట.

"ఆ చువ్వ కాల్చు," అంది.

కబాబుల చువ్వ. పెద్దామె ముచ్చట కదా అని నిప్పుల్లో పెట్టాను. ఎర్రబడ్డాక ఆమె నా చెయ్యి పట్టుకుని, పడవ అంచు నుంచి ఇద్దరం వంగి నీళ్లలో ముంచాం.

ఛుయ్...

ఆ చప్పుడు చిన్నగానే వచ్చింది. కానీ కాలువ పొడవునా పోయినట్టు అనిపించింది.

"ఖాలిద్... యా ఖాలిద్..." అని పిలిచింది ఆమె. తర్వాత నా భుజం తట్టింది. "యల్లా, నువ్వూ పిలువు. నీ మనిషిని పేరు పెట్టి పిలువు."

పేరు... మా వైపు నా వయసు ఆడవాళ్లం మొగుడి పేరు పలకం. పెళ్లయిననాటి నుంచి ఒక్కసారి కూడా నా నోట రాలేదు. పెదవులు విడివడ్డాయి. మాట రాలేదు. చివరికి ఇంట్లో ఎలా పిలిచేదాన్నో అలాగే పిలిచాను.

"ఏమయ్యా... రా."

పెద్ద మామాను పడుకోబెట్టాను. ఆమె మంచం పక్కన నేల మీద నేను పడుకున్నాను. చాయ్ గ్లాసు నా చేతి దగ్గరే ఉంది. గాలి లేదు. నీళ్లు పడవను తాకే చప్పుడు... అది కూడా ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో...

పడవ ఒరిగింది.

గట్టు వైపు కాదు. నీళ్ల వైపు. నీళ్లలోంచి ఎవరో అంచు పట్టుకుని, బరువంతా దాని మీద వేసి ఎక్కుతున్నట్టు... మెల్లగా. చాయ్ గ్లాసు నేల మీద సర్రుమని జారి, నా చెయ్యి దాటి పోయింది. మళ్లీ పడవ సర్దుకుంది.

తప్... తప్... తడి కాళ్లు.

తలుపు దగ్గర ఆగాయి. లోపలికి వచ్చాయి. తడిసిన గోనెసంచి వాసన. నేను కళ్లు తెరవలేదు... తెరవలేకపోయాను. పెద్ద మామా మంచం కిర్రుమంది. ఆమె ఏదో అంది. పసిబిడ్డతో మాట్లాడినట్టు అంది. తర్వాత ఆ అడుగులు ఇటు తిరిగాయి.

నా తల దగ్గర నిలబడ్డాయి.

నా చెంప మీద ఒక చుక్క పడింది. చల్లగా ఉంది. జారి పెదవి దాకా వచ్చింది. ఉప్పగా ఉంది. ఇంకో చుక్క... ఏమీ అనడం లేదు. కదలడం లేదు. దేనికోసమో ఆగినట్టు ఉంది. పేరు నా నాలుక చివర ఉంది. అంటే సరిపోయేది.

అనలేదు.

చాలాసేపటికి అడుగులు వెనక్కి మళ్లాయి. తప్... తప్... పడవ మళ్లీ నీళ్ల వైపు ఒరిగింది. నీళ్లలో చప్పుడు మాత్రం కాలేదు.

తెల్లారాక బాషా నా ముఖం చూడకుండా అడిగాడు.

"రేత్రి నువ్వేమన్నా లేచి తిరిగినావా అక్కా?"

"లేదు."

"పడవ ఒరిగింది. పెద్దామె నీళ్లల్లో దూకిందేమోనని లేచి వచ్చినా. ఇద్దరూ పండుకోనుండారు." గొంతు తగ్గించాడు. "దూరంగా ఏదో పెద్ద లాంచీ పోయింటాదిలే. అల వచ్చింటాది."

"అలయితే ఊగాలి కదా బాషా."

అతను తాడు తీయడానికి నీళ్లలో దిగకుండా, మామా పంపిన మనిషి వచ్చేదాకా గట్టు మీదే కూర్చున్నాడు. నేల మీద తడి ఉంది. మంచు కురిసిన తడి కూడా కావచ్చు. గ్లాసు మాత్రం అవతలి గోడ దగ్గర పడి ఉంది.

పెద్ద మామా లేచింది. ఎన్నడూ లేనంత నిదానంగా ఉంది.

"నా బిడ్డ వచ్చాడు," అంది. "నిలువునా తడిసి ఉన్నాడు. తుడుచుకోవడానికి తువ్వాలు ఎందుకివ్వలేదు రీమా?"

తల దించుకున్నాను.

"నీ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాడు," అంది మళ్లీ. "ఎందుకో..."

ఆ రోజు నుంచి ఆమె తలుపు దగ్గర కుర్చీ వేయమనలేదు. సాయంత్రాలు హాయిగా నిద్రపోతుంది. ఆమెకు జవాబు దొరికింది. నాకు దొరకలేదు. ఆమె పేరు పెట్టి పిలిచింది. నేను పేరు లేకుండా పిలిచాను. వచ్చినవాడు ఎవరు? ఆమె కొడుకే అయితే నా దగ్గర ఎందుకు ఆగాడు? మా ఆయనే అయితే నా నోటి వెంట పేరు వినాలని ఆగాడా?

చలికాలం వచ్చినప్పుడల్లా ఆ కాలువకు వెళతాం. అందరూ పడుకున్నాక పడవ అంచు దగ్గర కూర్చుంటాను. ఆయన పేరు రాయడం ఇప్పుడు నాకు వచ్చు. ఇక్కడ కూడా రాయలేదు, గమనించే ఉంటారు. పలుకుదామని నోరు తెరుస్తాను... మూసేస్తాను.

ఎందుకంటే, నేను పేరు పెట్టి పిలిచి, అప్పుడు పడవ ఒరిగిందంటే, ఆయన ఈ నీళ్లలో ఉన్నట్టే కదా.