కట్టె చిమటా, నా నాలుగు పేజీల ఉత్తరం

ఇంకొకరి సొమ్ము మనం ముట్టొద్దని పోయి, మన సొమ్మే తీస్కపోయి వాళ్ళ చేతుల పెట్టొచ్చినోన్ని మీరు చూసిండ్రా? చూడకపోతే నా మొఖం చూడుండ్రి. చాయ్ చల్లారక ముందే చెప్పేస్త.

ఎనభైలల్ల ముచ్చట. కరీంనగర్ల నాకు, శామ్యూలన్నకు కలిసి చిన్న వెల్డింగ్ షాపు ఉండె. చేతిపనంత ఆయనది. కాయిదాలు, ఉత్తరాలు నావి. ఇంటర్ పాసైన, ఇంగ్లీషు వస్తదని నాకు జర ఫోజు.

శామ్యూలన్న భార్య మరియమ్మ వదిన పత్తి చేన్లకు కూలికి పోయేది. పత్తి ఏరుడు అయినంక ఎండిన కట్టె పీకాలె గదా, వారం పీకితె అరచేతులు పుండ్లయితుండె. ఒకనాడు ఆమె అన్నం కలుపుకోలేక చెంచతోని తింటుంటె శామ్యూలన్న చూసిండు. తెల్లారి షాపుకొచ్చి ఇనుము కోసుడు షురూ చేసిండు.

రెండేండ్లు పట్టింది. నిలబడి కట్టె మొదలును దవడల్ల ఇరికిచ్చి పిడి వత్తితె, వేర్లతోని పైకొస్తది. నడుము వంచే పని లేదు. పట్టకారు లెక్క ఉంటదని కట్టె చిమటా అని పేరు పెట్టినం. మరియమ్మ వదిన ఒక సాలు పీకి, చేతులు తిప్పి చూసుకొని, "గిది ముందే చేస్తె ఏం పోయింది" అన్నది.

ఆదిలాబాద్ దిక్కు పత్తి ఎక్కువ, అక్కడ అమ్ముదామనుకున్నం. తెల్సిన వకీలు సాబ్ ఆపిండు. "ఇదివరకే గిసొంటిది ఎవరన్న చేసి పేటెంట్ తీస్కొని ఉంటె, మీరు అమ్మిన తెల్లారే నోటీసొస్తది. మద్రాసుల ఆఫీసున్నది, పోయి రికార్డులు వెతికిచ్చుండ్రి. పనిల పని, మీ దరఖాస్తు గూడ పెట్టుండ్రి."

శామ్యూలన్న నా దిక్కు చూసి, "తమ్మీ, గది నువ్వు చూస్కో. వేరేటోని కష్టం మనకొద్దు" అన్నడు.

మద్రాసంటె దూరం, భాష రాదు, నాకు బద్ధకం. అందుకె తెలివి చేసిన. గిసొంటి సామాను చేసే పెద్ద కంపెనీ ఒకటుండె, పేరెందుకు గని. వాళ్ళనే అడిగితె అయిపాయె గదా. కూసొని ఇంగ్లీషుల నాలుగు పేజీలు రాసిన. దవడ మందమెంత, స్ప్రింగు ఎక్కడ, పిడి పొడుగెంత, అన్ని. శామ్యూలన్న పెన్సిలుతోని గీసుకున్న బొమ్మ ఒక్కటే ఉండె, గదీ జతచేసిన. ఇది మీదేనా అయ్యా అని అడిగి రిజిస్టర్ పోస్టు చేసిన.

నెలకు జవాబొచ్చింది. మీరడిగిన వస్తువు మేము చేస్తలేము, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని. గా కాయిదం బజారంత చూపిచ్చిన. వకీలు సాబ్‌కు మాత్రం చూపియ్యలే. మద్రాసు పోలేదని తిడుతడు గదా.

ఏడాది తిరిగేసరికి నలభై చిమటాలు తయారైనయి. నాలుగు సంచులల్ల వేస్కొని ఇద్దరం ఆదిలాబాద్ పోయినం. వ్యవసాయ సామాన్ల దుకాణం సేటు మా సంచి విప్పి చూసి, "గిది మొన్ననే వచ్చింది గదా" అని లోపలికి పోయి ఒకటి తెచ్చిండు. ఆకుపచ్చ రంగు. అదే దవడ, అదే స్ప్రింగు. శామ్యూలన్నకు ఎడమ చేతికి రెండు వేళ్ళు లెవ్వు, లేతు మిషన్ల పోయినయి. అందుకని పట్టు దొరికేటట్టు పిడిని ఎడమకు జర వంచుకున్నడు. కంపెనీ పిడి గూడ ఎడమకే వంగి ఉన్నది. ఎందుకు వంగిందో వాళ్ళకు తెల్వది. దాని మీద పేటెంట్ దరఖాస్తు నంబరు గుద్దిండ్రు.

"అన్నా, బొమ్మ నేనే పంపిన" అన్న.

ఆయన దాన్ని అటిటు తిప్పి, "రివెట్లు మంచిగ కొట్టిండ్రు" అన్నడు. గంతే. తిట్టినా బాగుండు.

వకీలు సాబ్ దగ్గరికి పోయినం.

"ఉత్తరానికి కార్బన్ కాపీ ఉన్నదా?"

"లేదు సార్."

"బొమ్మ?"

"ఉన్నదొక్కటే పంపిన. పోస్టు రసీదు ఉన్నది సార్."

"కవర్ల ఏమున్నదో రసీదు మీద రాసి ఉంటదా?" అన్నడు. "మీదని రుజువు లేదు. గిప్పుడు అమ్మితె దొంగలు మీరే అయితరు."

అమ్మలే. మరియమ్మ వదిన తనతోని కూలికొచ్చే ఆడోళ్ళకు నలభై ఊకెనే పంచింది.

ఆర్నెల్లకు కంపెనీ నుంచి నా పేరు మీద కవరొచ్చింది. లోపల రంగు పాంప్లెట్, ఒక ఉత్తరం. శామ్యూలన్న వెల్డింగ్ అద్దాలు తీసి, "ఏం రాసిండ్రు?" అన్నడు.

చదివి చెప్పిన. "గతంల మీరు అడిగిన వస్తువు ఇప్పుడు మా దగ్గర దొరుకుతున్నదట. మనసొంటోళ్ళకు ధర తగ్గిస్తరట."

అద్దాలు మల్ల పెట్టుకుంట, "జవాబు రాస్తవా తమ్మీ?" అన్నడు.

"రాయనన్నా."

"రాయకు."

అప్పటి నుంచి మా షాపు ఉత్తరాలు మరియమ్మ వదిన రాస్తది. ఆమె చదివింది ఐదో తరగతి. ఎంత పెద్ద ముచ్చటైనా రెండు లైన్లు దాటది. నా ఇంగ్లీషు ఉత్తగ పోవద్దని, కవరు మీద అడ్రసు మాత్రం నన్ను రాయనిస్తరు.