ఒప్పుకున్నాడనుకున్నాను

మాది మధిర. హైకోర్టు జడ్జిగా రిటైరయ్యాను. నా మొదటి పోస్టింగు భద్రాచలం అడవుల దగ్గర ఒక చిన్న కోర్టులో.

ఒకరోజు టేకు చెట్టు కొట్టాడని ఒక కోయ మనిషిని తెచ్చారు. అతనికి వకీలు లేడు. "నేరం ఒప్పుకుంటున్నావా?" అనడిగాను. "అవ్" అన్నాడు. నెల రోజుల జైలుశిక్ష రాసి సంతకం పెట్టాను.

అతన్ని వ్యాను ఎక్కించాక, అతని చెల్లెలు రొప్పుతూ కోర్టులోకి వచ్చింది.

"మేడం, మా అన్నకు తెలుగు రాదు. ఏమడిగినా అవ్ అంటడు. మా అమ్మ సావుబతుకుల్ల ఉంది, జర ఇడిసిపెట్టుండ్రి."

సంతకం పెట్టిన తీర్పును నేనే మార్చడానికి చట్టం ఒప్పుకోదు. ఉచిత న్యాయసహాయం చేసే వకీలును పిలిచి, పై కోర్టులో అప్పీలు వేయించాను. అతను తొమ్మిదో రోజు జైలు నుంచి బయటికొచ్చాడు. తల్లి మూడో రోజే పోయిందట.

ఆ కబురు బెంచి మీద ఉండగా తెలిసింది. ఏడుపు రాలేదు. తర్వాతి కేసు పిలవమన్నాను.

కింది కోర్టుల్లో పనిచేసినన్నాళ్లూ "నీకు ఏ భాష వచ్చు?" అని అడిగాకే విచారణ మొదలుపెట్టాను. అందరూ అది నా మంచితనం అనుకునేవారు. ఎంత తలచుకున్నా అతని పేరు మాత్రం గుర్తు రావడం లేదు.