అర్థం కాని డాక్టరమ్మ

డాక్టర్ పంకజాక్షికి ఏదీ ఒకసారికి అర్థం కాదు. బళ్ళారిలో మా ఆస్పత్రి మానసిక విభాగానికి ఆమే పెద్ద. క్యాంటీన్ హొన్నూరప్ప టీ చల్లారిపోతాందని చెప్పినా, "అంటే ఏందప్పా? తెలిసేలా చెప్పు" అనేది. ఆయన పాలు, పొయ్యి, నిప్పు అన్నీ వివరించేలోపు టీ నిజంగానే చల్లారేది.

కొత్తగా సైకాలజిస్టుగా చేరిన నేను, ఆమెకు మతి తప్పుతోందని మొదటి వారంలోనే తేల్చేశాను. నా జబ్బు వేరు. బెంగళూరులో చదివానన్న సంగతి ఒక్క నిమిషం కూడా మర్చిపోలేకపోవడం.

కోర్టు మా దగ్గరికి కేసుల్లో ఇరుక్కున్న కుర్రకారును పంపేది. విచారణలో ఏం జరుగుతోందో గ్రహించి, వకీలుతో మాట్లాడగల స్థితి వాళ్ళకుందో లేదో మేం చెప్పాలి. అలా ఒకరోజు కప్పగల్లు ఊరి నుంచి యశోద వచ్చింది. పంతొమ్మిదేళ్ళు. పనిచేసే ఇంట్లో వెండి చెంబు తీసిందని కేసు.

నేను ఇరవై ప్రశ్నలడిగాను. జడ్జి ఎవరో తెలుసా? హౌదు, అంటే అవును. వకీలు? హౌదు. అన్నిటికీ హౌదే. విచారణకు తగిన స్థితిలో ఉందని ఘనమైన ఇంగ్లీషులో రాసి, కింద గీత కూడా గీశాను.

డాక్టరమ్మ అది చదివి, అర్థం కాలేదంది. కుర్చీ యశోద పక్కకు లాక్కుని, "కోర్టు సంగతి నాకు తెలీదు పాపా. ఆడ ఏం చేస్తారు?" అని అడిగింది. నేను సిగ్గుతో తల తిప్పుకున్నాను.

యశోద ఆమె వైపు తిరిగింది. "నాకూ తెలీదమ్మా. ఏమడిగినా హౌదంటే ఇంటికి పంపిస్తారని ఎవరో చెప్పినారు."

చెంబు తీశావా అన్నా హౌదే అనేదన్నమాట. నా గీతతో సహా ఆ పిల్లను జైలుకు పంపబోయాను.

డాక్టరమ్మ మూడు నెలల గడువు కోరింది. ప్రతి మంగళవారం తనకు తెలియనట్టే అడుగుతూ, యశోద చేతే చెప్పిస్తూ కోర్టంతా నేర్పింది. జడ్జి వేషం నాది. నల్లకోటు దొరక్క ఏప్రిల్ ఎండలో నల్లరగ్గు కప్పుకున్నాను.

ఉండబట్టలేక, మీకు నిజంగానే ఏమీ అర్థం కాదా అని డాక్టరమ్మను ఒకరోజు అడిగాను.

"తెలీదని చెప్పాలంటే వీళ్ళకు భయమప్పా. డాక్టరుకే తెలీదంటే ధైర్యం వస్తాది" అంది.

జులైలో జడ్జిగారు నేరం ఒప్పుకుంటావా అని అడిగితే, యశోద లేదంది. చెంబు పోయిన రోజు బండ్రిలో పిన్ని పెళ్ళిలో ఉన్నానంది. వకీలు పెళ్ళి వీడియో చూపించాడు. అందులో ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా వడ్డిస్తూనే ఉంది. కొన్ని వాయిదాల తర్వాత కేసు కొట్టేశారు.

బయట ముగ్గురం మండక్కి, అంటే తాలింపు బొరుగులు, తిన్నాం. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నా ప్లేట్లో మిరపకాయ బజ్జీ లేదు.

"ఇది మాత్రం నేనే తీసినా సార్" అంది యశోద. "రాసుకోండి."