ఉత్తినే వచ్చిన నాలుగు కంప్యూటర్లు

మెట్టకూరులో వికలాంగుల సంఘం పెట్టేనాటికి ఆరోగ్యమ్మకు ముప్ఫై నాలుగేళ్లు. పోలియో వల్ల చిన్నప్పుడే ఎడమకాలు చచ్చుబడింది. ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం ఆమెది. సర్టిఫికెట్టు కోసం వచ్చినవాళ్లు ఏదో ఒక కాగితం తక్కువై మూడేసి సార్లు తిరగడం చూసి చూసి, వాళ్ల పేర్లు ఒక పొడుగు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. ఎవరికి మూడుచక్రాల బండి కావాలి, ఎవరి పింఛను ఆగిపోయింది, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, అన్నీ అందులోనే. సంఘం ఆ పుస్తకంలోంచే పుట్టింది. రొయ్యల చెరువులున్న పాపారావుగారు అధ్యక్షుడిగా ఉండటానికి ఒప్పుకుని, తన కొట్టు పక్కనున్న గదిని అద్దె లేకుండా ఇచ్చారు.

2005లో చెన్నై నుంచి ఒక దాతల సంస్థ ఆ గదికి నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు పంపింది. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు తీసుకున్నారు. సంస్థ తరఫున వచ్చిన ధనశ్రీ అనే అమ్మాయి, “ఇకమీదట వివరాలన్నీ ఇందులోనే ఉండాలి మేడం. మూడు నెలలకోసారి రిపోర్టు మెయిల్ చెయ్యాలి” అని చెప్పి వెళ్లింది. ఆరోగ్యమ్మ సంబరపడింది. డ్యూటీ దిగాక రోజూ కాసేపు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నూట అరవై మంది వివరాలు ఎక్కించింది. పుస్తకం అటక మీదికి పోయింది. ఆ తర్వాత చేరినవాళ్ల పేర్లు నేరుగా కంప్యూటర్లోకే వెళ్లాయి.

సంబరం రెండు నెలలు కూడా నిలవలేదు. కరెంటు బిల్లు రెండింతలయ్యింది. వోల్టేజీ పెరిగి ఒక కంప్యూటరు ఠప్పుమని ఆగిపోయింది. కాకినాడ నుంచి వచ్చిన మెకానిక్కు దాన్ని విప్పి చూసినందుకే రెండు వందలు పుచ్చుకుని, “బ్యాటరీ లేకుండా ఎవరు పెట్టమన్నారండీ వీటిని?” అని మందలించి వెళ్లాడు. ఇంకొకటి వైరస్ పట్టి మూలపడింది. ప్రింటరు కొన్నదెంతో తెలీదుగానీ, దాని ఇంకు డబ్బాకు మాత్రం ప్రతిసారీ వందలకు వందలు పొయ్యాల్సొచ్చేది. బండ్ల టైర్లు మార్పించడానికని దాచిన సొమ్మంతా వాటికే ఊడ్చుకుపోయింది. సంస్థకు మూడు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికి జవాబొచ్చింది: పరికరాలు ఇవ్వడం వరకే తమ పథకం, నిర్వహణ మీరే చూసుకోవాలి. పోనీ పాడైనవి అమ్మేద్దామంటే, అందుకూ వీల్లేదట. మూడోది కూడా పోయాక, ఆ మూడింటికీ గుడ్డలు కప్పి గోడవారగా పెట్టింది. గదిలో సగం అవే తినేశాయి.

మరుసటి ఏడాది ఆగస్టులో గోదావరి పొంగింది. పొద్దున్నే పడవవాళ్లు సంఘానికి వచ్చారు.

“మంచం మీంచి లేవలేనోళ్లు ఎవరెవరో చెప్పండమ్మా, ముందు ఆళ్లని తెచ్చేత్తాం” అన్నారు.

ముందురోజు నుంచీ కరెంటు లేదు. బతికున్న ఒక్క కంప్యూటరు ఎదురుగా ఉంది, అందులో పేర్లున్నాయి, తీసే దారి లేదు. ముందే కాగితం మీద అచ్చు తీసుంచుదామనుకుంటే ఏప్రిల్లోనే ఇంకు అయిపోయింది. ఆరోగ్యమ్మ అటక మీది పుస్తకం దింపించి చదివింది. ఆ ఏడాదిలో కొత్తగా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ గుర్తు చేసుకుంది. పుస్తకంలోవాళ్లూ గుర్తొచ్చినవాళ్లూ కలిపి లేవలేనివాళ్లు పదమూడు మంది తేలారు. ఇంకెవరో ఉన్నారని తెలుస్తోంది, ఎవరో తట్టడం లేదు. పడవవాళ్లు ఆగలేక వెళ్లిపోయారు.

ఆ పద్నాలుగో మనిషి సత్యవతమ్మ, కంప్యూటర్లు వచ్చాక సంఘంలో చేరింది. రెండు కాళ్లూ లేవు, గట్టు పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి ఇరుగుపొరుగువాళ్లు తలుపు బద్దలుకొట్టి చూస్తే, ఒరిగిపోయిన మంచం కోడు పట్టుకుని నడుము దాకా నీళ్లలో ఉంది. ప్రాణాలతో బయటపడింది. ఆరోగ్యమ్మ కాలీడ్చుకుంటూ వెళ్లేసరికి, “నా పేరు రాసుకున్నావు కదమ్మా” అంది, అంతే.

అక్టోబరులో ధనశ్రీ మళ్లీ వచ్చింది. వరద సాయం కింద కొత్తవి నాలుగు ఇస్తామంది. ఆరోగ్యమ్మ ఒక కాగితం ఆమె ముందుంచింది. బ్యాటరీ, మరమ్మతు, ఇంకు, కరెంటు, ఫోను లైను, రోజుకు రెండు గంటలు పనిచేసే మనిషికి జీతం. మూడేళ్లకు కలిపితే కంప్యూటర్ల ధరకు రెట్టింపు దాటింది.

“మా బడ్జెట్లో ఇలాంటి పద్దులు ఉండవు మేడం. ఇవి తీసేసి ఇవ్వండి, ఈ వారంలోనే శాంక్షన్ చేయిస్తాను.”

“తీసేత్తే ఆ ఖర్చు పోద్దా అమ్మా? మా బండ్ల టైర్ల మీద పడుద్ది. నాలుగొద్దు, ఒక్కటే ఇవ్వండి. మిగతా మూడింటి సొమ్ముతో దాన్ని నడిపించండి.”

“అలా మార్చడానికి రూల్స్ ఒప్పుకోవు.”

“అయితే మాకొద్దండి.”

అక్కడే కూర్చుని వింటున్న పాపారావుగారికి తిక్కరేగింది. “ఉత్తినే వత్తుంటే కాలదన్నుతావేంటి ఆరోగ్యమ్మా? రేపు మనకింకెవడైనా ఏవైనా ఇత్తాడా?”

“ఉత్తినే కాదండీ! ఆ కాగితం ఒక్కసారి చదవండి బాబూ!” అని అరిచింది. అధ్యక్షుడి మీద అరవడం ఆమెకదే మొదలు. ఆయన చదవకుండానే లేచి వెళ్లిపోయారు.

ఆ నాలుగూ వేరే ఊరికి వెళ్లాయి. అక్కడ వాటి గతేమైందో ఎవరూ చెప్పలేదు. పాపారావుగారు రెండు నెలలు ముభావంగా ఉండి, చివరికి తన చెరువు మీదున్న పాత బ్యాటరీ ఒకటి పంపించారు. ఆరోగ్యమ్మ ఆ బ్యాటరీతో, మిగిలిన ఒక్క కంప్యూటరునూ నడిపిస్తూ, పక్కనే కొత్త పుస్తకంలో పేర్లన్నీ మళ్లీ చేత్తో రాసింది. ఒకే పని రెండుసార్లు చేస్తున్నందుకు ప్రతి పేజీకీ విసుక్కుంది.

సత్యవతమ్మ మాత్రం సంఘం నుంచి తప్పుకుంది. ఆరోగ్యమ్మ నెలనెలా ఆమె ఇంటికి వెళ్తూనే ఉంది. ఆవిడ టీ ఇస్తుంది, ధరల గురించీ పింఛను గురించీ మాట్లాడుతుంది. మళ్లీ చేరమని ఆరోగ్యమ్మ అడిగిన ప్రతిసారీ, “చూద్దాంలేమ్మా” అంటుంది.